కోచ్‌కు ఎదురు చెప్పే వీలు: శిక్షణ బంధంలో సంస్కృతి పాలు ఎంత?

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ 19-21, 21-12, 21-15తో పి.వి. సింధును ఓడించింది. కోర్టుకు ఒకవైపు కోచ్ కుర్చీలో పుల్లెల గోపీచంద్, రెండోవైపు ఫెర్నాండో రివాస్ ఉన్నారు. ఈ రెండు జంటలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడాల కంటే పోలికలే ముందు కనిపిస్తాయి. మారిన్ పద్నాలుగేళ్ల వయసులో ఊవెల్వాలోని ఇల్లు వదిలి మాడ్రిడ్ వచ్చి, రివాస్ చేతికింద ఆటగత్తెగా ఎదిగింది. సింధు కూడా బడి వయసులోనే గోపీచంద్ దగ్గర చేరింది. ఇద్దరివీ కఠోర శిక్షణలే. ఇద్దరి దినచర్యనూ కోచ్‌లే నిర్ణయించారు. ఆసియా కోచ్ శాసిస్తాడు, యూరప్ కోచ్ సంప్రదిస్తాడు అనే మాట క్రీడా వ్యాఖ్యానాల్లో తరచు వినిపిస్తుంది. ఆ ఫైనల్‌ను మాత్రం ఆ సూత్రంలో ఇమడ్చలేం.

అలాగని సంస్కృతి ప్రమేయమే లేదని తోసిపుచ్చలేం. కోచ్‌కూ క్రీడాకారులకూ నడుమ మాట ఎలా నడుస్తుంది, మందలింపును ఎవరు ఎలా తీసుకుంటారు, తల్లిదండ్రులు ఎక్కడ నిలబడతారు అన్నవి దేశాన్ని బట్టి, సమాజాన్ని బట్టి మారతాయి. అయితే మనం సంస్కృతి ఖాతాలో వేస్తున్నదాంట్లో నిజంగా సంస్కృతి పాలెంత, వయసు, డబ్బు, సమాఖ్య చేతిలోని అధికారం, మరో కోచ్ దగ్గరికి వెళ్లే వెసులుబాటు వంటివాటి పాలెంత అన్నది తేల్చాలి. ఉన్న ఆధారాలు ఎంతవరకు తీసుకెళ్తాయో అంతవరకే వెళ్లడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ రంగంలో మొదట చెప్పుకోవలసిన పేరు పాకియనాథన్ చెల్లదురై. భారతదేశం నుంచి కెనడా వెళ్లి క్రీడా నిర్వహణ శాస్త్రంలో పేరు తెచ్చుకున్న ఆయన, 1980లో సాలే అనే సహ పరిశోధకుడితో కలిసి కోచ్ నాయకత్వాన్ని కొలిచే ప్రశ్నావళిని రూపొందించారు. అందులో ఐదు కొలతలున్నాయి: శిక్షణ ఇచ్చే తీరు, క్రీడాకారుల అభిప్రాయం అడిగే తీరు, తన మాటే చెల్లించుకునే తీరు, మంచిచెడ్డలు చూసుకోవడం, మెచ్చుకోలు. 1988లో చెల్లదురై, జపాన్ పరిశోధకులు కలిసి 115 మంది జపాన్ విశ్వవిద్యాలయ క్రీడాకారులను, 100 మంది కెనడా క్రీడాకారులను ఇదే ప్రశ్నావళితో పోల్చారు. కెనడా యువకులతో పోలిస్తే జపాన్ యువకులు తన మాటే చెల్లించుకునే కోచ్‌ను ఎక్కువగా కోరుకున్నారు. ఈ ఫలితాన్ని ఎత్తిచూపేవారు చాలామంది రెండో సగాన్ని వదిలేస్తుంటారు. ఆ యువకులే కోచ్ తమ మంచిచెడ్డలు చూసుకోవడాన్ని కూడా కెనడా వారికంటే ఎక్కువగా కోరుకున్నారు. అంటే వారు అడిగింది ఉత్త పెత్తనాన్ని కాదు, తిట్టినా కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కును. కెనడా వారు కోరుకున్నది ఆటలోని మెలకువలు బాగా నేర్పే కోచ్‌ను.

అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది. తమ కోచ్‌ల పట్ల, తమ ఆట ఫలితాల పట్ల జపాన్ వారికంటే కెనడా వారే ఎక్కువ తృప్తి కనబరిచారు. తమ కోచ్‌లలో పెత్తనం పాలు ఎక్కువని జపాన్ యువకులే చెప్పారు, అటువంటి ధోరణి తమకు కొంత కావాలనీ చెప్పారు, అయినా వారి తృప్తి తక్కువగానే ఉంది. కాబట్టి “వాళ్ల సంస్కృతిలో అది మామూలే, వాళ్లకు అదే ఇష్టం” అనే వాదనకు ఈ ఫలితాన్ని సాక్ష్యంగా పిలవడం కుదరదు. అంతకు ఏడాది ముందు అచ్చయిన మరో పోలిక ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. జపాన్‌లోనే ఆధునిక క్రీడలు ఆడేవారు ఒక తీరు కోచ్‌ను కోరుకుంటే, సంప్రదాయ యుద్ధక్రీడల్లో ఉన్నవారు మరో తీరు కోచ్‌ను కోరుకున్నారు. ఒకే దేశం, ఒకే తరం. మారింది ఆట ఒక్కటే.

బ్రిటన్‌లో పనిచేసే సోఫియా జోవెట్ ఈ బంధాన్ని మరో వైపు నుంచి చూశారు. సాన్నిహిత్యం, నిబద్ధత, ఒకరి పనికి ఒకరు అమరడం అనే మూడు పాళ్లతో ఆమె బృందం తయారుచేసిన ప్రశ్నావళి 2004లో వెలువడింది. 2012లో ఆమె, యాంగ్ అనే పరిశోధకురాలు కలిసి బెల్జియం, బ్రిటన్, చైనా, గ్రీస్, స్పెయిన్, స్వీడన్, అమెరికాల్లో వెయ్యిమందికి పైగా క్రీడాకారులకు దాన్ని ఇచ్చి చూశారు. బంధం స్వరూపం ఏడు దేశాల్లోనూ ఇంచుమించు ఒకటేనని, దాని గాఢతలో మాత్రం హెచ్చుతగ్గులున్నాయని తేలింది. నా మటుకు నాకు ఇది చాలా విలువైన ఫలితం. చైనాలోనైనా స్వీడన్‌లోనైనా క్రీడాకారులు కోచ్ నుంచి ఆశించేవి మౌలికంగా అవే మూడు అన్నమాట. గాఢతలోని తేడాలను మాత్రం ఆచితూచి చదవాలి. కొన్ని సమాజాల్లో ప్రశ్నావళి చేతికిస్తే “పూర్తిగా అంగీకరిస్తాను” అని ధారాళంగా టిక్కు పెడతారు, కొన్నిచోట్ల మధ్య గడి దాటరు. కోచ్ గురించి చెడుగా రాయడం తప్పని పెరిగిన పిల్లల మార్కులు, అలా పెరగని పిల్లల మార్కులు ఒకే తూకంలో తూగవు. పైగా ఆ ఏడు దేశాల్లో భారత్ లేదు.

ఈ చర్చలో తప్పకుండా తగిలే అంకెలు హాఫ్‌స్టెడ్ అధికార దూరం సూచీవి. పెద్దలకూ కిందివారికీ నడుమ దూరాన్ని సమాజం ఎంత సహజంగా ఒప్పుకుంటుందో ఆ సూచీ కొలుస్తుంది. డెన్మార్క్‌కు 18, భారత్‌కు 77, ఇండోనేషియాకు 78, చైనాకు 80 వచ్చాయి. ఇంతవరకు అనుకున్నట్టే ఉంది. కానీ స్పెయిన్‌కు 57 అయితే జపాన్‌కు 54, కొరియాకు 60. ఈ లెక్కన మారిన్ దేశంలో అధికార దూరం జపాన్ కంటే ఒక పిసరు ఎక్కువే. ఈ సూచీకి ఆధారం 1960ల చివర, 1970ల మొదట ఐబీఎం ఉద్యోగులు నింపిన ప్రశ్నావళులు. కంప్యూటర్ కంపెనీ ఉద్యోగుల సగటు నుంచి హైదరాబాద్ గచ్చిబౌలిలో తెల్లవారకముందే షటిల్ అందుకునే పదిహేనేళ్ల అమ్మాయి మనసును ఊహించడం శాస్త్రం అనిపించుకోదు. దేశం సగటు దేశానికే చెందుతుంది, మనిషికి అంటదు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. హైదరాబాద్ బ్యాడ్మింటన్‌కు నాలుగు దశాబ్దాలకు పైబడ్డ కోచ్‌ల వరస ఉంది. ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఎస్.ఎం. ఆరిఫ్ చేతిలో గోపీచంద్ ఎదిగారు, తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకొణె దగ్గర సానపట్టుకున్నారు, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆ తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ కట్టి 2008లో తెరిచారు. సైనా, సింధు, శ్రీకాంత్, సాయి ప్రణీత్ ఆ నీడలోనే పెరిగారు. అవార్డుకు ద్రోణుడి పేరు పెట్టుకున్న దేశం మనది. ఏకలవ్యుడి బొటనవేలి కథ మరిచిపోయి పెట్టుకున్నామా, గుర్తుండే పెట్టుకున్నామా అన్నది వేరే చర్చ.

రియో పతకం తర్వాత గోపీచంద్ విలేకరులతో చెప్పిన ఒక సంగతి దేశమంతా పాకింది. మూడు నెలలుగా సింధు చేతిలో ఫోను లేదని, ముందుగా చేయబోయే పని దాన్ని తిరిగి ఇచ్చేయడమేనని ఆయన అన్నారు. ఆమెకు ఇష్టమైన తీపి పెరుగు, ఐస్‌క్రీం కూడా రియో వచ్చినప్పటి నుంచి మాన్పించినట్టు చెప్పారు. అప్పటికి సింధుకు ఇరవై ఒకటి నిండాయి. డెన్మార్క్ పాఠకుడు ఈ వార్త చదివితే ఉలిక్కిపడవచ్చు. మన ఇళ్లలో మాత్రం “గురువంటే అలా ఉండాలి” అని మురిసిపోయారు. ఇక్కడ సంస్కృతి తేడా ఉన్న మాట నిజమే. కానీ ఆ తేడా ఎక్కువగా చూసేవాళ్లలో ఉంది. పెద్ద పోటీకి ముందు తిండిని, నిద్రను, తెరలను అదుపులో పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉంది. మనం దాన్ని దాచకుండా గొప్పగా చెప్పుకున్నాం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఫోను కథకంటే అరుపు కథ. సింధు కోర్టులో మరీ నెమ్మదస్తురాలని, పాయింటు గెలిచినా నోరు విప్పదని గోపీచంద్ బెంగ. రియోకు ముందు ఒకరోజు అకాడమీలో ఆటగాళ్లు, కోచ్‌లు అందరూ చూస్తుండగా కోర్టు నడుమ నిలబడి గట్టిగా అరవమన్నారని, అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నారని, ఆమెకు కన్నీళ్లు వచ్చాయని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. రియోలో మనం చూసిన సింధు ప్రతి పాయింటుకూ గర్జించింది. ఇక్కడ కోచ్ వాడింది పూర్తి అధికారం. దానితో సాధించాలనుకున్నది మాత్రం అణకువ వదిలించడం, ఆడపిల్ల గొంతు ఎత్తకూడదన్న అలవాటును చెరిపేయడం. ఏ ప్రశ్నావళి దీన్ని ఏ గడిలో వేస్తుంది? తన మాట చెల్లించుకునే గడిలో వేస్తే సగమే నిజం, స్వేచ్ఛనిచ్చే గడిలో వేసినా సగమే. దీన్ని ఆదర్శ పద్ధతిగా ఎత్తిచూపడం కూడా పొరపాటే. అదే చిట్కా మరో పిల్ల మీద వాడితే ఆ పిల్ల ఆటే మానేయవచ్చు. మానేసిన పిల్లల కథలు పత్రికలకెక్కవు.

మనస్తత్వ శాస్త్రంలో రెండు అధ్యయనాలు ఈ చిక్కుముడిని కొంత విప్పుతాయి. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 1999లో అచ్చువేసిన ప్రయోగంలో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు పదాల ఆటలిచ్చారు. తెల్లజాతి అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్న ఆటలో ఎక్కువ ఉత్సాహం చూపారు. ఆసియా మూలాల పిల్లలు తమ అమ్మ ఎంచిందని చెప్పిన ఆటలో అంతకంటే బాగా రాణించారు. ముక్తసరిగా చెప్పేవారు ఇక్కడితో ఆగిపోతారు. కానీ ముఖం తెలియని వ్యక్తి ఎంపిక చేసినప్పుడు ఆసియా మూలాల పిల్లల్లోనూ ఆ ఉత్సాహం కనిపించలేదు. ఒకరు మన తరఫున నిర్ణయించడం కొన్ని సమాజాల్లో తప్పు కాకపోవచ్చు, ఆ ఒకరు మనవాళ్లా పరాయివాళ్లా అన్నదే అసలు లెక్క. పిల్లల పదాల ఆటను ఒలింపిక్ శిక్షణకు నేరుగా అంటగట్టలేం. కానీ దారి చూపిస్తుంది.

2003లో చిర్కోవ్, ర్యాన్ బృందం కొరియా, రష్యా, టర్కీ, అమెరికాల్లో చేసిన అధ్యయనం రెండోది. ఒంటరిగా నిర్ణయించుకోవడం వేరు, మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం వేరు అని ఆ బృందం విడదీసింది. పెద్దల మాట వింటున్న మనిషి దాన్ని తన మాటగా చేసుకుని వినవచ్చు, లేదా భయంతో వినవచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నాలుగు దేశాల్లోనూ మనసు క్షేమంగా ఉండడానికి తోడ్పడింది మొదటి రకమే. కోచ్ బంధానికి దీన్ని అన్వయిస్తే, కోచ్ ఎంత కఠినుడు అని అడగడం కంటే, ఆ కఠినత్వాన్ని క్రీడాకారులు ఒప్పుకునే పాటిస్తున్నారా, ఒప్పుకోకపోతే ఆ సంగతి చెప్పగలరా అని అడగడం మేలు.

రియో తర్వాత సింధు ప్రస్థానం ఈ కోణంలో చూస్తే మంచి పాఠం. 2019లో గోపీచంద్ ప్రధాన కోచ్‌గా ఉండగానే కొరియాకు చెందిన కిమ్ జి-హ్యున్ ఆమెకు తోడయ్యారు. ఆ ఆగస్టులో బాసెల్‌లో సింధు 21-7, 21-7తో ఒకుహారాను ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. నెల తిరగకముందే కుటుంబ కారణాలతో కిమ్ వెళ్లిపోయారు. తర్వాత మరో కొరియన్ పార్క్ తే-సంగ్ బాధ్యత తీసుకున్నారు, టోక్యోలో కాంస్యం వచ్చింది. ఆ టోక్యోకు గోపీచంద్ వెళ్లనే లేదు. 2023 ఫిబ్రవరిలో పార్క్‌తోనూ ముగిసింది. ఇటీవలి ఓటములకు కోచ్‌గా తనదే బాధ్యతని, ఆమె మార్పు కోరుకుందని ఆయనే సామాజిక మాధ్యమంలో రాశారు. తర్వాత మలేషియా మాజీ ఆటగాడు హఫీజ్ హషీం, ఇండోనేషియాకు చెందిన ఆగస్ ద్వి సాంతోసో వచ్చారు, పదుకొణె మార్గదర్శిగా నిలిచారు.

రియోకు ముందు ఫోను కోచ్ చేతికిచ్చిన మనిషే ఆ తర్వాత కోచ్‌లను తానే ఎంచుకుంది. ఆమె పుట్టిన ఊరు మారలేదు, ఇంటి భాష మారలేదు, తల్లిదండ్రులు మారలేదు. వయసు పెరిగింది, రెండు ఒలింపిక్ పతకాలు వచ్చాయి, సొంత ఆదాయం వచ్చింది. 2014లో మొదలైన ప్రభుత్వ టాప్స్ పథకం వల్ల అగ్రశ్రేణి వారికి శిక్షణ ఖర్చు, విదేశీ సాయం దొరికే దారీ ఏర్పడింది. సంస్కృతి ఒక్కటే ఈ బంధాన్ని శాసిస్తే ఇంత మార్పు సాధ్యం కాదు. ఆట ఫలితాలు ఈ మార్పుతో మెరుగయ్యాయా అంటే చెప్పడానికి వీల్లేదు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో అయిన చీలమండ గాయం, వయసు, ఎదుటివారి ఎదుగుదల అన్నీ ఆ లెక్కలో కలిసిపోయాయి.

సైనా నెహ్వాల్ ఈ దారిలో ఇంకా ముందే నడిచింది. 2014 సెప్టెంబరులో గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది, 2017లో మళ్లీ హైదరాబాద్ వచ్చేసింది. ఆమె వెళ్లిపోయినప్పుడు తాను ఎంత బాధపడ్డారో గోపీచంద్ 2020లో వచ్చిన ఒక పుస్తకంలో దాచుకోకుండా చెప్పారు. గురువును వదిలివెళ్లడం మన దగ్గర ద్రోహం కింద లెక్క అని మనమే ప్రచారం చేసుకుంటాం. సైనా వెళ్లింది, గెలిచింది, తిరిగొచ్చింది, తలుపు తెరిచే ఉంది. మనస్తాపాలు కలిగాయి. కొంపలు మునగలేదు.

ఇక్కడ తల్లిదండ్రుల పాత్ర చెప్పకపోతే చిత్రం పూర్తికాదు. జోవెట్ నమూనా ఇద్దరి మధ్య బంధాన్ని కొలుస్తుంది. మన దగ్గర అది ముగ్గురి మధ్య నడుస్తుంది. సింధు తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో వాలీబాల్ కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. మారేడ్‌పల్లి నుంచి అకాడమీకి రోజూ యాభై కిలోమీటర్లకు పైగా రాకపోకలు, రియో ముందు తండ్రి రైల్వే ఉద్యోగానికి పెట్టిన దీర్ఘకాలపు సెలవు, ఇవన్నీ శిక్షణలో భాగమే. ఆట తెలిసిన తల్లిదండ్రులు కోచ్ మాటకు దన్నుగా నిలుస్తారు, అవసరమైతే కోచ్‌ను ప్రశ్నించగలుగుతారు. ఆ రెండో పని ఎంతమంది తల్లిదండ్రుల వల్ల అవుతుంది? వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజిని కోచ్ నాగపురి రమేశ్ గుర్తించి హైదరాబాద్ తెచ్చి తీర్చిదిద్దారు, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె 400 మీటర్ల కాంస్యం గెలిచింది. గర్వపడవలసిన కథ అది. అయితే తిండి, వసతి, బస్సు ఛార్జీ కూడా కోచ్ ద్వారానే అందే పేదింటి పిల్లలకు ఆ కోచ్ మంచివాడు కావడం ఒక్కటే రక్ష. మంచివాడు కాకపోతే వెళ్లడానికి వేరే చోటు ఉండదు.

విదేశీ కోచ్‌ల మీద మనవాళ్లకు రెండు అతి నమ్మకాలున్నాయి. తెల్లవాడొస్తే స్నేహంగా నేర్పుతాడని ఒకటి, కొరియా, ఇండోనేషియా వాళ్లొస్తే వంచి పని చేయిస్తారని మరొకటి. 2017లో ఇండోనేషియా కోచ్ ముల్యో హందోయో ఇక్కడ ఉన్న ఒక్క ఏడాదిలోనే గుంటూరు జిల్లా కుర్రాడు శ్రీకాంత్ నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. అమలాపురం సాత్విక్‌ను, ముంబై చిరాగ్‌ను జోడీగా కలిపింది మలేషియాకు చెందిన టాన్ కిమ్ హెర్. ఆ జోడీని ప్రపంచ నంబర్ వన్ దాకా నడిపించింది డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో, లండన్ ఒలింపిక్స్ రజత విజేత. అధికార దూరం సూచీలో మలేషియా అన్నిటికంటే పైన, డెన్మార్క్ దాదాపు అట్టడుగున ఉంటాయి. ఒకే జోడీ రెండు కొసల నుంచి వచ్చిన కోచ్‌ల దగ్గరా ఎదిగింది, పారిస్ తర్వాత బో తప్పుకోగా మళ్లీ టాన్ చెంతకే చేరింది. కోచ్ పాస్‌పోర్టును బట్టి ఫలితాన్ని ఊహించేవారికి ఈ జోడీ ఏమాత్రం సాయపడదు.

కొరియా నుంచి తరచు ఉదాహరించే కథ హిడింక్‌ది. 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ముందు ఈ నెదర్లాండ్స్ కోచ్, మైదానంలో చిన్నవాళ్లు పెద్దవాళ్లను మర్యాద పిలుపులతో పిలవనక్కర్లేదన్నారని, భోజనాల దగ్గర వయసు వారీ బల్లలు తీసేయించారని, జట్టు సెమీఫైనల్ చేరిందని చెబుతారు. నిజమే. కానీ ఆ జట్టు సొంతగడ్డపై ఆడింది, దేశీయ లీగ్ ఆటగాళ్లను నెలల తరబడి శిబిరానికి వదిలింది. ఏది ఎంత పనిచేసిందో ఎవరూ విడదీయలేదు. వయసు వరస పోయిందా అంటే, 2024లో పారిస్ స్వర్ణం గెలిచిన రోజునే బ్యాడ్మింటన్ తార ఆన్ సే-యంగ్ తన సమాఖ్యపై బహిరంగంగా నిప్పులు చెరిగింది. గాయాన్ని తేలిగ్గా తీసుకున్నారన్నది ఆమె ప్రధాన ఆరోపణ. జట్టులో సీనియర్లకు జూనియర్లు చేసే చాకిరీ కథలు కూడా ఆ వెంటనే వార్తల్లోకెక్కాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 జూన్‌లో, ట్రయాథ్లెట్ చోయ్ సుక్-హ్యోన్ ఇరవై రెండేళ్ల వయసులో ఆత్మహత్య చేసుకుంది. జట్టువారి హింస గురించి ఆమె పలుచోట్ల ఫిర్యాదు చేసినా సకాలంలో స్పందన రాలేదు. తర్వాత చట్టాన్ని సవరించారు, కోచ్‌కు జైలు పడింది. జపాన్‌లో 2013లో పదిహేనుమంది మహిళా జూడో క్రీడాకారిణులు కొట్టడాన్నీ వేధింపులనూ బయటపెట్టడంతో జాతీయ కోచ్ తప్పుకోవలసి వచ్చింది.

ఇవి చదివి తూర్పు దేశాల గురుభక్తి తెచ్చిన అనర్థమిది అని తీర్పు చెప్పేవారున్నారు. వారు 2022లో బ్రిటన్‌లో వెలువడ్డ వైట్ నివేదికను కూడా చదవాలి. జిమ్నాస్టిక్స్ శిక్షణలో జరిగిన శారీరక, మానసిక హింసపై ఆ విచారణకు నాలుగు వందలకు పైగా వాంగ్మూలాలు అందాయి. 2019లో అమెరికా పరుగు క్రీడాకారిణి మేరీ కెయిన్, పేరున్న కోచ్ నడిపిన శిక్షణ కేంద్రంలో బరువు తగ్గమంటూ తనను ఎంత నలిపారో చెప్పింది. అదే ఏడాది డెన్మార్క్ టెలివిజన్ డాక్యుమెంటరీ ఒకటి, జాతీయ జట్టు ఈతగత్తెలను తోటివారందరి ముందూ బరువు తూచిన రోజులను బయటికి తీసింది. సూచీలో 18 మార్కులు వచ్చిన దేశమిది. నోరు విప్పడానికి భయపడని సమాజమని పేరున్న చోట కూడా ఆ అమ్మాయిలు ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. ఎందుకంటే జట్టులో చోటు ఎవరికివ్వాలో నిర్ణయించేది బరువు తూచే ఆ కోచే.

ఎంపిక అధికారం, శిక్షణ అధికారం, ఫిర్యాదు వినే అధికారం ఒకే చేతిలో చేరితే దేశమేదైనా ఫలితం దాదాపు ఒకటే అని ఈ ఉదంతాలు సూచిస్తున్నాయి. రుజువు చేస్తున్నాయని అనను. బయటపడ్డ కేసులు బయటపడనివాటికి ప్రతినిధులు కావు కాబట్టి. సంస్కృతి చేసే పని బహుశా వేరే చోట ఉంది: హింసను ఏ మాటలతో సమర్థించుకోవాలో అది నేర్పుతుంది. ఒకచోట గురుభక్తి, ఒకచోట గెలుపు శాస్త్రం.

మన దగ్గర ఆ చేతులు ఎంత దూరంగా ఉన్నాయో చూస్తే సంతోషించేంత లేదు. గోపీచంద్ ఒకేసారి జాతీయ కోచ్‌గా, సొంత అకాడమీ యజమానిగా ఉండడాన్ని డబుల్స్ క్రీడాకారిణి జ్వాలా గుత్తా ఏళ్ల తరబడి విమర్శించింది. డబుల్స్‌కు అన్యాయం జరుగుతోందన్న ఆమె వాదనతో ఏకీభవించకపోయినా, ఆ ఏర్పాటులోని ఇరకాటం కాదనలేనిది. గోపీచంద్ వ్యక్తిగత నిజాయతీతో దానికి సంబంధం లేదు. 2022లో స్లోవేనియా శిబిరంలో ఒక భారత సైక్లిస్టు కోచ్‌పై ఫిర్యాదు చేసింది. జట్టును వెనక్కి పిలిపించి, కోచ్ ఒప్పందం రద్దు చేశారు. ఫిర్యాదు నేరుగా స్పోర్ట్స్ అథారిటీకి చేరబట్టి అంత వేగంగా కదిలింది. 2023లో రెజ్లర్లు లైంగిక వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నిరసనకు కూర్చున్నాక పత్రికలు ఆరా తీస్తే, 30 జాతీయ సమాఖ్యల్లో దాదాపు సగం చోట్ల చట్టం కోరిన తీరులో అంతర్గత ఫిర్యాదుల కమిటీ లేదని తేలింది. ఆ నిరసన ప్రధానంగా కోచ్‌ల మీద కాదు, సమాఖ్య పెద్ద మీద. కానీ కోచ్ మీద ఫిర్యాదు వెళ్లవలసింది కూడా ఆ సమాఖ్యకే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం క్రీడాకారుల కమిటీలను, సురక్షిత క్రీడా విధానాన్ని కోరుతోంది. జిల్లా స్థాయి హాస్టల్‌కు అది ఎప్పుడు చేరుతుందో చూడాలి.

మన విశ్వవిద్యాలయాల వ్యాయామ విద్యా విభాగాలకు ఒక విన్నపం. కొరియా, ఇండోనేషియా, మలేషియా, డెన్మార్క్ కోచ్‌లూ, తెలుగు కోచ్‌లూ ఒకే తరం క్రీడాకారులకు శిక్షణ ఇచ్చిన నగరం హైదరాబాద్. సంస్కృతి పాలును వయసు, డబ్బు, అధికారం పాళ్ల నుంచి విడదీసి చూడడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఆ క్రీడాకారులు చాలామంది ఇంకా ఇక్కడే ఉన్నారు, కొందరు కోచ్‌లయ్యారు. కెనడా ప్రశ్నావళిని అనువదించి పంచిపెట్టి సరిపెట్టుకోవద్దు. కోచ్‌ను, క్రీడాకారులను, తల్లిదండ్రులను విడివిడిగా, పేర్లు బయటపెట్టబోమన్న హామీతో, వారి ఇంటి భాషలో అడగండి. పతకాలు గెలిచినవారితో పాటు మధ్యలో ఆట మానేసినవారిని కూడా వెతికి పట్టుకోండి. వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: కోచ్ చెప్పింది మీకు నచ్చనప్పుడు ఆ మాట ఎవరితో చెప్పారు, చెప్పాక ఏమైంది?